పళ్లెంలో ఇరవయ్యోది, ఆటోలో ఇంకొక్కరు

పాతబస్తీ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా మంథనిలో పలకరించినవాళ్లంతా రెండే అడుగుతున్నారు: చార్మినార్ ఎక్కావా, గాజులు కొన్నావా. రెండూ లేవు. ఉన్నన్ని రోజులూ నేను తీరికగా చూసింది ఒక వెడల్పాటి పళ్లెం. అందులో నీళ్లు. నీళ్ల మీద తేలే థర్మాకోల్ బిళ్లలు. ఈ సంగతి చెబితే ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనపడుతోంది. ఆ జాలికి నేను కృతజ్ఞురాలిని. మళ్లీ ప్రశ్నలు అడగకుండా అది వాళ్లను ఆపింది. మీరు అడిగేవాళ్లయితే, ఇదిగో, మొదటినుంచీ చెబుతాను.

మా చెల్లెలి కూతురు శ్రావణి అక్కడ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా అమ్మవారికి బోనం ఎత్తాలని నాకు మొక్కు. అదే వారంలో దాని ప్రాజెక్టు పరీక్ష. నా మొక్కు, దాని పరీక్ష ఒకే వారంలో పెట్టిన తల్లికి దండం పెట్టుకుని బయలుదేరాను.

హుస్సేనీ ఆలం: పొద్దున్నే ఖిచిడీ

శ్రావణి అద్దెకుండేది హుస్సేనీ ఆలంలో, రజియా ఖాలా ఇంటి పైగదిలో. ఖాలా నన్ను చూసిన మొదటి క్షణమే ఒక కొత్త స్టీలు గిన్నె చూపించింది. అంగడి చీటీ ఇంకా అంటుకునే ఉంది. "బహెన్, ఇది నీ కోసమే తెచ్చిన. మా గిన్నెలల్ల మాంసం వండుతం గద. నీకు దీంట్లనే వండుత. ఫికర్ చెయ్యకు" అంది. నేనేమీ అడగలేదు. అడగకుండానే ఇంత ఆలోచించే ఇంట్లో దిగినందుకు ఆ రాత్రి దీపం దగ్గర ఆమె పేరు కూడా చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ గిన్నెలో ఖిచిడీ వచ్చింది. పక్కన నువ్వులు, చింతపండు వేసిన పుల్లటి పులుసు. మా వైపు ఖిచిడీ వండారంటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆ మాటే అన్నాను.

"క్యా బహెన్, ఖిచిడీ తిననీకి జొరం రావాల్నా?" అని ఖాలా నవ్వింది. "మా ఇంట్ల ఇది తినకపోతే జొరం వస్తది."

తిన్నాను. రెండోసారి పెట్టించుకున్నాను. మా ఊళ్లో ఇన్నాళ్లూ రోగులకే ఎందుకు దాచిపెట్టామో తెలియలేదు.

తిన్నాక శ్రావణి తన పళ్లెం చూపించింది. దాని చదువు నాకు అర్థం కాదని దాని భయం. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా తాతగారు ఇంట్లోనే, వసారాలో చాప మీద కూర్చోబెట్టి చదువు చెప్పారు. అందుకే నాకు ఏదైనా అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పే అలవాటు ఉంది. బడికి వెళ్లినవాళ్లకు అది కొంచెం కష్టమని తర్వాత శ్రావణి కాలేజీలో చూశాను.

పళ్లెంలో తేలే ఒక్కో థర్మాకోల్ బిళ్ల మీద ఒక్కో నల్లటి చిన్న అయస్కాంతం. అన్నీ ఒకే ముఖం పైకి పెట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. పైన కడ్డీకి వేలాడే పెద్ద అయస్కాంతం మాత్రం అన్నింటినీ మధ్యకు లాగుతుంది. పెద్దాయన దగ్గరికి అందరూ చేరాలి, కానీ పక్కవాడు మాత్రం దగ్గరికి రాకూడదు. మా ఊరి ఆలయ కమిటీ సమావేశాలు చాలా చూశాను కాబట్టి ఇక్కడివరకు సులభంగానే అర్థమైంది.

అలా లాక్కుని, నెట్టుకుని, చివరికి ముగ్గు వేసినట్టు కుదురుకున్నాయి. నడుమ ఒకటి, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు.

"ఇప్పుడు వీటికి వేడి పెట్టాలె పెద్దమ్మా" అంది.

"నీళ్లు కాగబెడ్తవా?"

"కాదు. వేడి అంటే ఏంది? లోపల అణువులు వణకుడే గద. అందుకే పళ్లెం కింద స్పీకర్ పెట్టిన. గురగుర అనిపిస్తే ఇవి వణుకుతయ్. ఎంత లొల్లి చేస్తే అంత వేడి."

మంచుగడ్డ వంటి పెద్ద వస్తువుకు ఒక లెక్క ఉందట. ఇంత వేడి తగిలితే కరుగుతుందని పుస్తకంలో రాసిపెట్టవచ్చు. పట్టుమని పాతిక కూడా లేని చిన్న గుంపుకు, అదీ ఇలా ఒకే పొరగా పరుచుకున్న గుంపుకు, అలాంటి గీత ఏదీ ఉండదట. ఇది కొంచెం కొంచెంగా వదులవుతుంది. ముందు వలయాలు చెదరకుండానే ఒకదాని మీద ఒకటి జారి తిరుగుతాయి. ఇంకా వేడెక్కితేనే బయటి వలయంలోది లోపలికి దూరుతుంది, లోపలిది బయటికి పోతుంది. ఈ రెండు మెట్లూ కళ్లకు చూపించడమే దాని ప్రాజెక్టు.

"మరి చూపించు."

"అదే గద పెద్దమ్మా నా బాధ. పంతొమ్మిది పెడితే లోపలి ఆరు, బయటి పన్నెండు పళ్లచక్రాల లెక్క ఇరుకుతయ్. ఎంత ఊపినా కదలవు. కదిలినప్పుడు ఒక్కసారే అన్నీ కలగలిసిపోతయ్. రెండు మెట్లు కనబడయి. ఇంకొకటి వేస్తే లోపల ఏడు అయితయ్, పన్నెండుకు కుదరదు, వట్టిగనే జారుతయ్. కని మా గైడ్ సార్ వద్దంటడు. పంతొమ్మిదే అందంగ ఉంటదట."

ఎల్లుండి పరీక్ష చేయడానికి బయటినుంచి ఎక్స్‌టర్నల్ సార్ వస్తాడు. రెండు మెట్లు కనపడకపోతే సంతకం పెట్టడు. పెట్టకపోతే ఏడాది ఆగాలి, దానికి వచ్చిన పరిశోధన సీటు ఆగదు. ఆ ముక్క చెప్పినప్పుడు శ్రావణి నా వైపు చూడలేదు, పళ్లెం వైపే చూసింది.

లాల్‌దర్వాజా నుంచి వెనక్కి: ఇంకొక్కరు

శుక్రవారం నేనూ శ్రావణీ బోనం సామాను కొనడానికి లాల్‌దర్వాజా వెళ్లాం. సందుల్లో వేపమండల దండలు, అమ్మవారికి కట్టే రంగు కాగితాల తొట్టెలలు, పసుపు రాసిన కుండలు. మా వైపు కుంకుమ చిటికెతో వాడతాం. అక్కడ పొట్లాలు కట్టి గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. పొట్లం ఇరవై అన్నది అమ్మే ఆమె. నేను పదిహేను అన్నాను. "అమ్మవారి కాడ బేరమేందక్కా?" అంది. సిగ్గుపడి ఇరవై ఇచ్చాను. వెనకాల వచ్చినావిడకు పన్నెండుకు ఇచ్చింది. నా భక్తి ధర ఎనిమిది రూపాయలని తెలుసుకుని, తెలియజేసినందుకు ఆమెకు మనసులోనే నమస్కరించాను.

తిరుగు ప్రయాణం షేర్ ఆటోలో. అప్పటికే నిండా ఉంది. ఎదురుబొదురు సీట్లలో మోకాళ్లు మోకాళ్లలో, మోచేతులు పక్కటెముకల్లో ఇరుక్కుని ఉన్నాం. రోడ్డు మీద గుంటలు మమ్మల్ని ఏమీ చేయలేకపోయాయి. ఒకరినొకరు అంత గట్టిగా పట్టుకుని ఉన్నాం. ప్రేమతో కాదు, చోటు లేక. అంతలో శాలిబండ మలుపుకు ముందు ఆటో ఆగింది.

"ఏక్ ఔర్! జర జరుగుండ్రి అమ్మా, ఇంకొక్కరే" అన్నాడు డ్రైవరు.

"ఏడికి జరగాలె భాయ్? నీ నెత్తి మీదికా?" అంది కూరగాయల సంచితో ఉన్న ఒకావిడ.

"నెత్తి మీద జగా ఉంటే నేనే ఆడ కూసుంటుంటి అక్కా."

ఎక్కినాయన తెల్లగడ్డం పెద్దమనిషి. జుమ్మా నమాజుకు పోతున్నాడేమో, మల్లెపువ్వులా ఉతికిన కుర్తా వేసుకున్నాడు. ఆయన ఒక్కడు ఎక్కగానే మా బండి తీరే మారిపోయింది. ఎవరి మోకాలూ ఎవరి సందులోనూ కుదరలేదు. ఆటో ఎడమకు తిరిగితే అందరం కుడికి జారాం, కుడికి తిరిగితే ఎడమకు. ఎవరి పక్కవాళ్లు వాళ్ల పక్కనే ఉన్నారు, కానీ వరుస వరుసంతా తిరగలి తిరిగినట్టు తిరుగుతోంది.

"చూసినవా పెద్దమ్మా!" అని శ్రావణి నా భుజం పట్టి ఊపింది. దాని కళ్లు మెరుస్తున్నాయి. "ఇదే! గిట్లనే! ఇరవయ్యోడు ఎక్కిండు!"

"ఎవరమ్మా ఇరవయ్యోడు?" అని కూరగాయల ఆవిడ గాబరాపడింది. "బండిల ఇరవై మంది ఉన్నరా?"

జవాబు చెప్పేలోపు స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నేను ఎగిరి అవతలి సీటులో పడ్డాను, అవతలి సీటులోని పిల్ల నా చోట పడింది. నా చేతిలోని కుంకుమ పొట్లం పగిలి, సగానికి పైగా ఆ తెల్లటి కుర్తా మీద ఒలికిపోయింది.

నమాజుకు వెళుతున్న మనిషి గుండెల మీద దోసెడు కుంకుమ. చేతులు జోడించాను. ఆయన కుర్తా వైపు చూసుకున్నాడు, నా వైపు చూశాడు.

"ఫికర్ నక్కో కరో బహెన్" అన్నాడు. "అల్లా బట్టలు చూడడు." ఒక క్షణం ఆగి, "మా ఇంటామె చూస్తది" అన్నాడు.

ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లలో నీళ్లతో. ఆయన దస్తీతో దులుపుకుంటూ దిగిపోయాడు. పేరు కూడా అడగలేదని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

శాలిబండ: కణాలు లేవు

మర్నాడు కాలేజీ. శాలిబండ సందులో ఒక పాత మేడ, పై అంతస్తు చెక్క దూలాల మీద నిలబడి ఉంది. నడిస్తే నేల పలుకుతుంది. పళ్లెం, స్పీకరు, పైనుంచి చూసే కెమెరా, పక్కన ల్యాప్‌టాప్ సిద్ధం చేశాక శ్రావణి పిడికిలి విప్పింది. ఇరవయ్యో బిళ్ల.

"సార్ వద్దన్నడు. అయినా ఏస్తున్న పెద్దమ్మా. ఏమైతే అదైతది."

వేసింది. పంతొమ్మిదీ కాసేపు సణిగి, జరిగి, దానికి చోటిచ్చాయి. సార్లను పిలుచుకురావడానికి అది వెళ్లింది. నేను పళ్లెం దగ్గర ఒక్కదాన్నే మిగిలాను.

మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా పనిముట్టుకు బొట్టు పెడతాం. కొడవలికైనా, కుట్టుమిషనుకైనా, కొత్త గ్రైండరుకైనా. ఈ పిల్ల ఏడాది బతుకు తేల్చే వస్తువుకు బొట్టే లేదు. తర్వాత గుడికి పోదామని సంచిలో పసుపు, ఆటోలో మిగిలిన కుంకుమ తెచ్చుకున్నాను. సీసా మూతలో నీళ్లు పోసి వాటిని తడిపి, గుళ్లో లాగా నడిమి దాని నుంచి మొదలుపెట్టాను. నడుమ దానికి కుంకుమ, దాని చుట్టూ ఉన్న ఏడింటికీ కుంకుమ. అంతే, పొట్లం అయిపోయింది. బయటి పన్నెండింటికీ పసుపు పెట్టాను. వేలు తగిలినప్పుడల్లా అవి కొంచెం పక్కకు పోయి మళ్లీ వచ్చి నిలబడ్డాయి, బొట్టు పెట్టించుకునే చిన్నపిల్లల్లాగే.

సార్లు వచ్చారు. గైడ్ సార్ ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఎక్స్‌టర్నల్ సార్ సన్నగా, కళ్లద్దాలతో. ఇద్దరూ నేరుగా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. శ్రావణి మీట నొక్కింది.

"జీరో చూపిస్తోంది" అన్నాడు ఎక్స్‌టర్నల్ సార్.

"నిన్నటిదాకా పంతొమ్మిది ఉండె సార్" అన్నాడు గైడ్ సార్.

"ఇప్పుడు కణాలేమీ లేవు."

"లేవు సార్."

పళ్లెం వాళ్ల మోచేతులకు ఆనుకునే ఉంది. అందులో ఇరవై బిళ్లలు బొట్లు పెట్టుకుని తేలుతున్నాయి. ఇద్దరు పెద్దమనుషులు తెర మీదికి వంగి, లేని కణాలు ఎందుకు లేవో చాలా లోతుగా మాట్లాడుకున్నారు. అంత చదువు ఒక్క గదిలో చూడగలగడం నా అదృష్టం.

శ్రావణి పళ్లెం చూసింది. ముఖం తెల్లబోయింది. "పెద్దమ్మా, ఏం జేసినవ్? నల్ల చుక్కలే దానికి కనబడతయ్!"

"నేనే సార్, బొట్లు పెట్టిన" అన్నాను లేచి నిలబడి. "పరీక్ష అని."

"ప్రయోగానికి పూజ చేశారా?" అన్నాడు ఎక్స్‌టర్నల్ సార్, కళ్లద్దాలు తీసి. "ఇది సైన్స్ ల్యాబ్ అమ్మా."

"తప్పయింది సార్" అన్నాను. పోయిన దసరాకు పెట్టిన గంధం, కుంకుమ ఆ ల్యాప్‌టాప్ మూత మీద ఇంకా ఉన్నాయి. అవి చూసి నాకు కొంత ధైర్యం వచ్చింది గానీ, పెద్దవాళ్లతో వాదించడం ఎందుకని ఊరుకున్నాను.

తుడిచి మళ్లీ మొదలుపెడతానని శ్రావణి గుడ్డ అందుకుంది. అప్పుడే కరెంటు పోయింది. స్పీకరు మూగబోయింది.

"ఇంక చాలు. వచ్చే ఏడాది చూద్దాం" అని ఎక్స్‌టర్నల్ సార్ కుర్చీ వెనక్కి జరిపాడు. శ్రావణి చేతిలో గుడ్డ అలాగే ఉంది. నేను చేసిన పనికి నాకే కాళ్లలో వణుకు పుట్టింది. తల్లీ, నా మొక్కు నీకు తీరుస్తానో లేదో గానీ, ముందు ఈ పిల్లను చూడు అనుకున్నాను.

వణికింది నా కాళ్లు మాత్రమే కాదు, నేల కూడా. సందు చివరినుంచి తీన్‌మార్ డప్పులు. అమ్మవారి ఘటం ఊరేగింపు వస్తోంది.

డప్పు ఇంకా దూరంలో ఉండగానే పళ్లెంలో నీళ్లు సన్నగా మెరిశాయి. బిళ్లలు వణికాయి. చూస్తుండగానే ఎర్ర వలయం, చెదరకుండా, ఒక్కటిగా, పసుపుపచ్చ వలయం లోపల మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"సార్!" అని శ్రావణి అరిచింది. "ఒక్క నిమిషం సార్. ఇటు చూడుండ్రి."

ఎక్స్‌టర్నల్ సార్ తెర వైపు చూశాడు.

"స్క్రీన్ కాదు సార్, నీళ్లల్ల! నీళ్లల్ల చూడుండ్రి!"

ఆయన వంగాడు. ఎరుపు తిరుగుతోంది. పచ్చది పచ్చగానే ఉంది. ఒక్క బిళ్ల కూడా తన వలయం దాటలేదు.

"మొదటి మెట్టు సార్" అంది శ్రావణి. "తిరుగుతున్నయ్ కని కలుస్తలేవు."

డప్పులు కిటికీ కిందికి వచ్చాయి. దూలాలు దడదడలాడాయి. పచ్చదొకటి ఊగి ఊగి, ఎర్రవాటి మధ్యకు దూరింది. ఒక ఎర్రది పక్కకు తోసుకుని బయటి వరుసలోకి వచ్చింది. "రెండోది!" అన్నాడు ఎక్స్‌టర్నల్ సార్. తనే అన్నాడు. గైడ్ సార్ కూడా వంగేసరికి ఇద్దరి తలలు ఢీకొన్నాయి.

ఊరేగింపు ముందుకు పోయింది. చప్పుడు తగ్గింది. నీళ్లు నిలిచాయి. పళ్లెంలో మళ్లీ అదే ముగ్గు: నడుమ ఒకటి, చుట్టూ ఏడు, ఆ చుట్టూ పన్నెండు. ఏమీ జరగనట్టే. పచ్చదొకటి లోపల, ఎర్రదొకటి బయట ఉండిపోయాయి, అంతే. బొట్లు లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

ఎక్స్‌టర్నల్ సార్ చాలాసేపు చూశాడు. "ఇరవై పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నాడు.

గైడ్ సార్ శ్రావణి వైపు చూశాడు. శ్రావణి నేల వైపు చూసి, తలెత్తింది. "నేనే పెట్టిన సార్. సార్ వద్దన్నరు."

"వద్దని అంటే... పంతొమ్మిదితో పోల్చి చూడమన్నా" అన్నాడు గైడ్ సార్ గొంతు సవరించుకుని. ఆయన అంత త్వరగా తన అభిప్రాయం వలయం మార్చుకోగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

కరెంటు వచ్చాక స్పీకరుతో మళ్లీ చూపించమన్నాడు ఎక్స్‌టర్నల్ సార్. చూపించింది. ఈసారి ఇద్దరూ పళ్లేన్నే చూశారు. సంతకం అయింది. రిపోర్టులో మాత్రం మూడు మాటలు మార్చమన్నాడు. తీన్‌మార్‌ను బాహ్య కంపనమనీ, పసుపు కుంకుమలను రెండు రంగుల గుర్తింపు పొడులనీ రాయాలి. నన్ను సహాయకురాలు అని రాయాలి. మా తాతగారు ఉంటే ఎంత సంతోషించేవారో.

మళ్లీ ఆటో

ఆదివారం బోనం ఎత్తాను. ఖాలా తన కొత్త గిన్నెను తోమి, నైవేద్యం పరమాన్నం దాంట్లోనే వండుకోమని ఇచ్చింది. గుడి దగ్గర జనం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మొదటి మెట్టు, రెండో మెట్టు ఒక్కసారే వచ్చేశాయి.

సోమవారం ఊరికి బయలుదేరాను. ఆటోల కోసం నిలబడితే వచ్చినవన్నీ నిండుగానే వచ్చాయి. చివరికి ఒకటి ఆగింది. లోపల మోకాళ్లు మోకాళ్లలో గట్టిగా కుదురుకుని ఉన్నారు. "ఏక్ ఔర్" అన్నాడు డ్రైవరు. లోపలివాళ్లు ముఖాలు ముడిచారు. వాళ్ల తప్పు లేదు. కుదురుకున్నవాళ్లకు ఇరవయ్యోది ఎప్పుడూ నచ్చదు. నేను వెనక్కి తగ్గాను.

"ఆవో బహెన్, జగా హై" అని లోపలినుంచి గొంతు వినిపించింది.

తెల్లగడ్డం. అదే కుర్తా. గుండెల మీద ఇంకా లేత ఎరుపు మరక.

"ఇంటామె చూసిందా?" అన్నాను సిగ్గుపడుతూ.

"చూసింది. రెండు మార్లు ఉతికింది. ఇంక పోదట" అన్నాడాయన, సంతోషంగా. ఒళ్లోని సంచి పైకి ఎత్తి, పక్కకు జరిగాడు. ఆయన జరిగితే పక్కావిడ జరిగింది, ఆవిడ జరిగితే ఆ పక్కాయన గొణుక్కుంటూ జరిగాడు. వరుసంతా మెల్లగా తిరిగింది. నేను ఎక్కి కూర్చున్నాను.